సామూహిక విలుప్తులు: లావా ఎంత పారిందన్నది కాదు, కింద ఏ రాయి కాలిందన్నది చూడాలి

#1 | శిలారేఖ

ఐదు మహా విలుప్తుల మీద చర్చ ఎక్కడ మొదలైనా "అగ్నిపర్వతాలా, గ్రహశకలమా?" అన్న దగ్గరే ఆగిపోతుంది. ఆ ప్రశ్న పట్టుకుంటే ముందుకు పోలేం. భూమ్మీద లావా వరదలు చాలాసార్లు వచ్చాయి, వచ్చిన ప్రతిసారీ జీవరాశి తుడిచిపెట్టుకుపోలేదు.

దక్షిణ అమెరికాలోనూ ఆఫ్రికాలోనూ మిగిలిన పరానా-ఎటెండెకా బసాల్టునే (గట్టిపడిన లావా రాతినే) తీసుకోండి. సుమారు 13.4 కోట్ల ఏళ్ల కిందటిది. పారిన లావా పది లక్షల ఘన కిలోమీటర్ల పైమాటే. అయినా ఆ కాలపు పొరల్లో పెద్ద విలుప్తి ఏదీ లేదు. 25.2 కోట్ల ఏళ్ల కిందట, పెర్మియన్ యుగం చివర, సైబీరియాలో లావా పారినప్పుడు మాత్రం సముద్ర జాతుల్లో కనీసం 80 శాతం పోయాయి. పాత అంచనాలైతే 96 శాతం దాకా చెప్పాయి.

గ్రహశకలాల సంగతీ ఇంతే. కెనడాలోని మానికువాగన్ బిలం (21.5 కోట్ల ఏళ్లు), రష్యాలోని పోపిగాయ్ బిలం (సుమారు 3.57 కోట్ల ఏళ్లు) రెండూ దాదాపు 100 కిలోమీటర్ల వ్యాసం ఉన్నవే. వాటి వల్ల మహా విలుప్తి రాలేదు. డైనోసార్లు పోయిన కాలపు చిక్సులుబ్ బిలం (మెక్సికో, 6.6 కోట్ల ఏళ్లు) 180 కిలోమీటర్లు, పెద్దదే. కానీ తేడా అంతా సైజులోనే ఉందనుకోను.

నా వాదన ఇది: శిలాద్రవం చొచ్చుకెళ్లిన చోట, లేదా రాయి పడిన చోట, కింద ఏముందన్నదే అసలు లెక్క. బొగ్గు, చమురు, ఉప్పు, అన్‌హైడ్రైట్ (గంధకం ఉన్న ఖనిజం) ఉంటే ఒక ఫలితం. గ్రానైటో ఇసుకరాయో ఉంటే ఇంకో ఫలితం. దీన్ని బలపరిచే ఆధారాలూ కొట్టేసే ఆధారాలూ రెండూ పెట్టండి.

#2 | లోతునీరు

బలపరిచే ఆధారాల్లో గట్టిది సైబీరియాలోనే ఉంది, శిలారేఖ గారూ. అక్కడ లావా పైకి పారడం విలుప్తికి దాదాపు 3 లక్షల ఏళ్ల ముందే మొదలైంది. మొత్తం లావాలో మూడింట రెండు వంతులు విలుప్తి ముగిసేలోపే బయటికి వచ్చేసింది. ఆ 3 లక్షల ఏళ్లలో ఎక్కువ భాగం సముద్రంలో జీవులు పెద్దగా చెక్కుచెదరలేదు.

మారిందేమిటంటే, 25.19 కోట్ల ఏళ్ల దగ్గర శిలాద్రవం పైకి రావడం తగ్గి, పక్కలకు పాకడం మొదలుపెట్టింది. తుంగుస్కా బేసిన్ అవక్షేప పొరల మధ్యకి పలకల్లా చొరబడింది. వీటినే సిల్స్ అంటారు. ఆ సిల్స్ వయసు, చైనాలోని మెయ్‌షాన్ దగ్గర సముద్ర జీవులు చావడం మొదలైన వయసు ఒకదాని మీద ఒకటి పడతాయి. లావా కొలతే కారణమైతే విలుప్తి ముందే రావాలి.

తుంగుస్కా పొరల్లో ఏమున్నాయో చూడండి: బొగ్గు, చమురు ఉన్న రాళ్లు, మందమైన రాతి ఉప్పు, అన్‌హైడ్రైట్, సున్నపురాయి. ఒక సిల్ చుట్టూ దాదాపు దాని మందమంత మేర రాయి ఉడికిపోతుంది. 100 మీటర్ల సిల్ అయితే పైనా కిందా దాదాపు వంద మీటర్ల చొప్పున. బొగ్గులోంచి మీథేన్, సున్నపురాయిలోంచి కార్బన్ డయాక్సైడ్, అన్‌హైడ్రైట్‌లోంచి సల్ఫర్ డయాక్సైడ్ వస్తాయి. ఉప్పూ సేంద్రియ పదార్థమూ కలిసి వేడెక్కితే మిథైల్ క్లోరైడ్ లాంటి వాయువులు. ఈ చివరివి ఓజోన్ పొరను తింటాయి. ఆ కాలపు సిద్ధబీజాల్లో వికృత రూపాలు ఎక్కువగా కనబడటానికి అతినీలలోహిత కిరణాలే కారణమన్న వాదన ఇక్కడి నుంచే పుట్టింది. ఒత్తిడి తట్టుకోలేక పై పొరలు పగిలి వాయువులు ఎగజిమ్మిన గొట్టాలు ఆ బేసిన్‌లో ఇప్పటికీ వందల్లో కనిపిస్తాయి.

#3 | జిర్కాన్_గడియారం

లోతునీరు గారు చెప్పిన వరుస నిలబడాలంటే వయసుల్లో పొరపాటు కొన్ని పదివేల ఏళ్లకు మించకూడదు. ఆ కచ్చితత్వం ఎలా వస్తుందో తెలియకపోతే ఈ చర్చ నమ్మకాల మీద నడుస్తుంది, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మెయ్‌షాన్‌లో శిలాజ పొరల మధ్య అగ్నిపర్వత బూడిద పొరలున్నాయి. 25వ పొర, 28వ పొర ముఖ్యం, విలుప్తి ఈ రెండింటి మధ్య. బూడిదను నలగ్గొట్టి, బరువైన ద్రవంలో ముంచి, అడుగుకు చేరిన జిర్కాన్ రేణువుల్ని ఏరతారు. జిర్కాన్ అంటే కొద్దిగా యురేనియం ఉన్న గట్టి ఖనిజం. ఆ యురేనియం తెలిసిన వేగంతో సీసంగా మారుతుంది కాబట్టి రెండింటి నిష్పత్తి నుంచి వయసు తెలుస్తుంది. తర్వాత ఇలా:

రేణువుల్ని 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు రోజులకు పైగా కాలుస్తారు. యురేనియం వికిరణం వల్ల కొద్దిగా దెబ్బతిన్న స్ఫటిక భాగాలు దీనితో మళ్లీ గట్టిపడతాయి. ఆ తర్వాత ఒత్తిడి పాత్రలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో, సుమారు 200 డిగ్రీల దగ్గర, ఓ పన్నెండు గంటలు ఉంచుతారు. బాగా దెబ్బతిని సీసం కారిపోయిన భాగాలు ఆమ్లంలో కరిగిపోతాయి, మంచి భాగం మిగులుతుంది. ఈ అడుగు వదిలేస్తే వయసు నిజం కన్నా తక్కువగా వస్తుంది. మిగిలిన ముక్కను కడిగి, తెలిసిన మోతాదులో ప్రత్యేక సీసం-యురేనియం ఐసోటోపుల ద్రావణం కలిపి, పూర్తిగా కరిగించి, ద్రవ్యరాశి స్పెక్ట్రోమీటరులో కొలుస్తారు. ప్రయోగశాల నుంచి అంటుకునే సీసం ఒక పికోగ్రాము లోపే ఉండాలి. అంతకు మించితే ఒక్క చిన్న రేణువు లెక్క మొత్తం చెడుతుంది.

రెండో ప్రమాదం ఎదురు దిశలో ఉంటుంది. విస్ఫోటనానికి చాలా ముందే శిలాద్రవపు గదిలో పుట్టిన జిర్కాన్‌లు బూడిదలో కలిసి వస్తాయి. అవి వయసును ఎక్కువ చూపిస్తాయి. అందుకే ఒక పొర నుంచి ఒకే రేణువు కొలిచి వయసు ప్రకటిస్తే నమ్మకండి.

2014లో ఇలా వచ్చిన ఫలితం: విలుప్తి 25.1941 కోట్ల ఏళ్ల దగ్గర మొదలై 25.1880 కోట్ల ఏళ్ల దగ్గర ముగిసింది. నిడివి 60 వేల ఏళ్లు, అటూ ఇటూ 48 వేలు. లేజర్‌తో కొలిచే చౌక పద్ధతిలో పొరపాటు 1 శాతం దాకా ఉంటుంది. అంటే 25 లక్షల ఏళ్లు! సిల్స్ ముందా విలుప్తి ముందా అన్న ప్రశ్నకు ఆ పద్ధతి పనికిరాదు.

#4 | పూర్ణిమ_బి

ఒక సందేహం. శిలాద్రవంలో కూడా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కదా. గాలిలోకి చేరింది బొగ్గు కార్బనా, లావాతో వచ్చిన కార్బనా అని ఎలా విడదీస్తారు?

#5 | లోతునీరు

పూర్ణిమ గారూ, కార్బన్-13 (కార్బన్‌లో బరువైన రకం) నిష్పత్తితో. సముద్రపు సున్నపురాయిలో ఈ విలువ (ప్రామాణిక నమూనాతో పోలిస్తే వెయ్యికి ఎంత తేడా అన్నది) మామూలుగా సున్నా దగ్గర్లో ఉంటుంది. పెర్మియన్ చివర్లో అది వెయ్యికి 3 నుంచి 5 వరకు పడిపోయింది. లోపలి నుంచి వచ్చే శిలాద్రవపు కార్బన్ విలువ సుమారు -6, మొక్కల నుంచి వచ్చిన బొగ్గుది -25, సూక్ష్మజీవుల మీథేన్‌ది -60 దగ్గర. మూల పదార్థం ఎంత తేలికైతే అంత కొద్ది మోతాదుతో అదే పతనం వస్తుంది.

లెక్క వేసి చూడండి. సముద్రం, గాలి కలిపి 40,000 గిగాటన్నుల కార్బన్ ఉందనీ, దాని విలువ సున్నా అనీ అనుకుందాం. కలిసింది మ గిగాటన్నులు, దాని విలువ వ. చివరకు మొత్తం -4కి రావాలి. అంటే మ × వ = -4 × (40,000 + మ).

మీథేన్ అయితే మ సుమారు 2,860.
బొగ్గు అయితే సుమారు 7,620.
శిలాద్రవపు కార్బన్ అయితే 80,000.

చివరి అంకె చూస్తేనే తెలుస్తుంది, లావా వాయువు ఒక్కటే ఈ పని చేసిందనడం కష్టమని. అప్పటి సముద్రంలో కరిగిన కార్బన్ ఇప్పటికన్నా ఎక్కువ ఉండి ఉంటే మూడు అంకెలూ అదే నిష్పత్తిలో పెరుగుతాయి, వాటి మధ్య తేడా మాత్రం పోదు.

ఇక్కడ తప్పు జరిగే చోటు ఒకటి ఉంది. సున్నపురాయి తర్వాతి కాలంలో వాన నీటితో మారిపోయి ఉంటే కార్బన్ విలువ దానంతటదే పడిపోతుంది. అందుకే ఆక్సిజన్-18 కూడా కొలిచి, రెండూ కలిసి పడుతున్నాయా చూడాలి. మాంగనీసు-స్ట్రాన్షియం నిష్పత్తి ఎక్కువగా ఉన్న నమూనాలను పక్కన పెట్టాలి. ఒకే చోటి కోత కాకుండా, దూరదూరంగా ఉన్న చోట్లలో అదే ఆకారం రావాలి. పెర్మియన్ చివరిది అలా చాలా చోట్ల వచ్చింది.

లెక్క కాక కంటికి కనిపించే రుజువు కూడా ఉంది: సైబీరియాలోని అగ్నిపర్వత టఫ్ (గట్టిపడిన బూడిద) రాళ్లలోనే కాలిన బొగ్గు ముక్కలు దొరికాయి.

#6 | నల్లరాతినేల

మరి దక్కన్ ట్రాప్స్ సంగతి? ఈ వాదనకు అసలు పరీక్ష అక్కడే. లావా రాశి తక్కువేం కాదు. ఇప్పుడు మిగిలిందే 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమల వైపు నుంచి బయల్దేరిన కొన్ని ప్రవాహాలు గోదావరి దిగువన రాజమండ్రి దాకా చేరాయి. అక్కడ రెండు లావా దశల మధ్య సముద్రపు పొరలున్నాయి. వాటిలో క్రెటేషియస్ (డైనోసార్లతో ముగిసిన యుగం) అయిపోయిన వెంటనే పుట్టిన చిన్న చిన్న ఫోరామినిఫెరా (ఏకకణ సముద్ర జీవుల) గవ్వలు దొరుకుతాయి. ఇంత లావా, అదీ సరిగ్గా ఆ కాలంలోనే. దీన్ని పక్కకు నెట్టేస్తారా?

#7 | శిలారేఖ

నెట్టేయను. కానీ కాలక్రమం చూడండి. దక్కన్ లావా సరిహద్దుకు (క్రెటేషియస్ ముగిసిన పొరకు) ముందు, తర్వాత కలిపి 7-8 లక్షల ఏళ్ల పాటు పారింది. సరిహద్దుకు దాదాపు 3 లక్షల ఏళ్ల ముందు ప్రపంచమంతా 2 నుంచి 4 డిగ్రీలు వేడెక్కింది. ఆ వేడికి దక్కన్ వాయువులే కారణం కావచ్చు. ఆ వేడిలో పెద్దగా ఏదీ అంతరించలేదు. వేడి తగ్గి సముద్రం మామూలు స్థితికి వచ్చాక, సరిగ్గా ఇరిడియం (భూమి పైపొరలో అరుదు, గ్రహశకలాల్లో ఎక్కువగా ఉండే లోహం) పొర దగ్గర తేలియాడే ఫోరామినిఫెరా జాతుల్లో దాదాపు 90 శాతం పోయాయి.

ఆ పొరను 1980లో అల్వారెజ్ బృందం ఇటలీలోని గుబ్బియోలో చూపించింది. ఓ సెంటీమీటరు మందం మట్టి, అందులో ఇరిడియం మామూలుకు 30 రెట్లు. డెన్మార్క్‌లోని స్టెవ్న్స్ క్లింట్‌లో 160 రెట్లు. ఇరిడియంతో పాటు సమాంతర గీతలు పడ్డ క్వార్ట్జ్ రేణువులు దొరకడం ముఖ్యం. అలాంటి గీతలు అగ్నిపర్వత విస్ఫోటన ఒత్తిడికి రావు, పెద్ద తాకిడికే వస్తాయి.

ఇప్పుడు కింద ఉన్న రాయి సంగతి. చిక్సులుబ్ దగ్గర పైనున్నది సుమారు మూడు కిలోమీటర్ల మందం సున్నపురాయి, అన్‌హైడ్రైట్. 2016లో బిలం లోపలి శిఖర వలయంలోకి సముద్రగర్భం కింద 1,300 మీటర్లు దాటి తవ్వారు. తాకిడి తర్వాత బిలంలో పేరుకున్న రాళ్లలో గంధకం ఉన్న రాయి దాదాపు లేనేలేదు. చుట్టూ ఉన్నది లోపల లేదంటే అది ఆవిరై గాలిలోకి పోయిందనే అర్థం. గంధకపు తుంపరలు, మసి, ధూళి కలిసి కొన్నేళ్ల పాటు సూర్యకాంతిని ఆపేశాయి. అదే రాయి గ్రానైటు నేల మీద పడి ఉంటే దెబ్బ ఇంత ఉండేది కాదని నా అభిప్రాయం.

#8 | హిమనది

ఇంత చక్కగా కుదిరే వాదనను ఐదు విలుప్తులకూ అంటగట్టవద్దని నా మనవి. ఆర్డోవిషియన్ చివరిది (సుమారు 44.5 కోట్ల ఏళ్లు) వేడితో వచ్చింది కాదు, చలితో వచ్చింది. అప్పటి గోండ్వానా (దక్షిణ ఖండాలు కలిసిన మహాఖండం) దక్షిణ ధ్రువం మీద ఉంది. నేటి ఉత్తర ఆఫ్రికా మంచు కింద ఉంది. మంచు పెరిగే కొద్దీ సముద్ర మట్టం పదుల మీటర్లు పడిపోయి, జీవులు కిటకిటలాడిన లోతులేని సముద్రాలు ఎండిపోయాయి. మంచు కరిగినప్పుడు ఆక్సిజన్ లేని నీళ్లు పైకి వచ్చి రెండో దెబ్బ వేశాయి. జాతుల్లో సుమారు 85 శాతం పోయాయి.

డెవోనియన్ చివరిది ఇంకా చిక్కు. 37.2 కోట్ల ఏళ్ల దగ్గర ఒకటి, 35.9 కోట్ల ఏళ్ల దగ్గర మరొకటి, మధ్యలో చిన్నవి. ఆక్సిజన్ లేని సముద్రపు అడుగున ఏర్పడే నల్ల షేల్ రాళ్లు పదేపదే వస్తాయి. నేల మీద లోతు వేళ్ల చెట్లు పెరిగి, మట్టిలోంచి ఫాస్ఫరస్ నదుల్లోకి వెళ్లి, సముద్రంలో నాచు పెరిగి ఆక్సిజన్ తగ్గిందన్న వాదన ఉంది.

#9 | శిలారేఖ

ఒప్పుకుంటాను, హిమనది గారూ. ఆర్డోవిషియన్‌ను ఇందులో ఇరికించకూడదు. నా వాదన పెర్మియన్, ట్రయాసిక్, క్రెటేషియస్ చివరి మూడింటికే. ట్రయాసిక్ చివర (20.15 కోట్ల ఏళ్లు) మధ్య అట్లాంటిక్ శిలాద్రవం నేటి అమెజాన్ బేసిన్‌లోని ఉప్పు పొరల్లోకీ సేంద్రియ రాళ్లలోకీ చొరబడింది కాబట్టి అదీ ఈ జాబితాలోకే వస్తుంది.

#10 | లోతునీరు

కారణం వేరు, చంపిన విధానం వేరు. సముద్రంలో చంపింది ఏమిటో అంకెల్లో పెడతాను. మామూలు ఉప్పు సముద్రపు నీరు 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 7.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర 6.2. అంటే ఆరో వంతు పోయింది. అదే సమయంలో చల్లని రక్తపు జీవికి ఆక్సిజన్ అవసరం దాదాపు రెట్టింపవుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లులా అవుతుంది ఆ జీవి శరీరం. ముందుగా పోయేది సంతానోత్పత్తికి వాడే శక్తి. పెద్ద జీవి వెంటనే చావకపోయినా గుడ్లూ పిల్లలూ లేక జాతి ఆగిపోతుంది.

2018లో వచ్చిన ఒక నమూనా ఫలితం నాకు చాలా నచ్చింది. పెర్మియన్ చివర్లో సుమారు 10 డిగ్రీల వేడిమి, సముద్రపు ఆక్సిజన్‌లో ముప్పావు వంతు నష్టం అనుకుని లెక్కిస్తే, ఉష్ణమండలంలో కన్నా ధ్రువాల వైపు విలుప్తి ఎక్కువ ఉండాలని తేలింది. ఉష్ణమండలపు జీవులు వేడికీ తక్కువ ఆక్సిజన్‌కూ అప్పటికే కొంత అలవాటుపడ్డవి, పైగా జరగడానికి చోటుంది. ధ్రువాల దగ్గరి జీవులకు ఇంకా చల్లని చోటు అంటూ లేదు. శిలాజాలను అక్షాంశాల వారీగా పోల్చి చూస్తే అదే క్రమం కనిపించింది.

దీనికి ఆమ్లీకరణ తోడు. మందమైన సున్నపు గూడు కట్టుకుని, దాన్ని శరీరంతో పెద్దగా అదుపు చేసుకోలేని జీవులు ఎక్కువగా పోయాయి. రుగోస్, టాబులేట్ పగడాలు పూర్తిగా అంతరించాయి. నేటి రకం పగడాలు కనిపించడానికి దాదాపు కోటి ఏళ్లు పట్టింది.

#11 | పూర్ణిమ_బి

విలుప్తి పొరల్లో పాదరసం ఎక్కువుంటే అగ్నిపర్వతమే కారణమని చాలాచోట్ల రాస్తున్నారు. అది సరిపోతుందా?

#12 | జిర్కాన్_గడియారం

ఒక్కటీ సరిపోదు. పాదరసం సేంద్రియ పదార్థానికి అతుక్కుంటుంది. సేంద్రియ కార్బన్ ఎక్కువున్న నల్ల షేల్‌లో పాదరసం ఎలాగూ ఎక్కువే. అందుకని రెండింటి నిష్పత్తి చూడాలి. సేంద్రియ కార్బన్ 0.2 శాతం కన్నా తక్కువున్న నమూనాలో ఆ నిష్పత్తిని నమ్మకూడదు, భాగహారం కింద అంకె చిన్నదై ఫలితం దానంతటదే ఎగిరిపోతుంది. ఎండకీ వానకీ గురైన రాతి ముఖం నుంచి కాకుండా తవ్విన కోర్ నుంచి తీసుకోవాలి. ఇన్ని చేసినా, పాదరసం లావాది కావచ్చు, కాలిన బొగ్గుది కావచ్చు, కొట్టుకొచ్చిన మట్టిది కావచ్చు. పాదరసం ఐసోటోపులు కూడా కొలిస్తే కొంతవరకు విడదీయొచ్చు.

#13 | హిమనది

ఇప్పుడు నేటి సంగతికి వద్దాం. శిలారేఖ గారి వాదన ప్రకారం శిలాద్రవం కాల్చిన బొగ్గూ చమురూ ఉన్న రాళ్లనే మనం తవ్వి కాలుస్తున్నాం. వేగం ఎంత తేడా?

#14 | శిలారేఖ

చాలా తేడా, అదీ చెడ్డ వైపు. పోల్చడానికి మంచి ఉదాహరణ 5.6 కోట్ల ఏళ్ల కిందటి పేలియోసీన్-ఇయోసీన్ వేడి దశ. అప్పుడు భూమి 5-6 డిగ్రీలు వేడెక్కింది. కార్బన్ ఏటా ఒక గిగాటన్ను దగ్గర, బహుశా అంతకన్నా తక్కువ వేగంతో చేరింది. ఇప్పుడు శిలాజ ఇంధనాల నుంచి ఏటా దాదాపు 37 గిగాటన్నుల కార్బన్ డయాక్సైడ్, అంటే 10 గిగాటన్నుల కార్బన్.

వేగం ఎందుకు ముఖ్యమో చెప్తాను. కార్బన్ నెమ్మదిగా చేరితే సముద్రపు అడుగున ఉన్న సున్నపు బురద కరిగి ఆమ్లతను కొంత తటస్థం చేస్తుంది. పై నీరు అడుగు నీటితో కలవడానికి సుమారు వెయ్యేళ్లు, ఆ బురద పూర్తిగా పని చేయడానికి కొన్ని వేల ఏళ్లు పడుతుంది. రాళ్లు వర్షంతో కరిగి కార్బన్‌ను లాగేసుకోవడానికి లక్ష ఏళ్ల పైమాటే. మనం రెండు శతాబ్దాల్లో పోసేది ఈ మూడింటికీ అందదు. పై నీటి పీహెచ్ ఇప్పటికే 0.1 తగ్గింది. అది లాగరిథమ్ కొలత కాబట్టి హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతానికి పైగా పెరిగినట్టు. 1960 నుంచి సముద్రపు ఆక్సిజన్ సుమారు 2 శాతం తగ్గింది.

మొత్తం మోతాదులో మాత్రం మనం పెర్మియన్ చివరి స్థాయికి చాలా దూరంలో ఉన్నాం. రెండూ ఒకటే అని రాసేవాళ్లు తొందరపడుతున్నారు.

#15 | నల్లరాతినేల

"ఆరో విలుప్తి వచ్చేసింది" అనే మాట మీద కూడా అంత జాగ్రత్తే కావాలి. మహా విలుప్తి అంటే 75 శాతం జాతులు పోవాలి. 1500 తర్వాత అంతరించినట్టు నమోదైనవి సుమారు 900, పేరు పెట్టిన జాతులు 20 లక్షల పైన.

#16 | హిమనది

నల్లరాతినేల గారూ, ఆ భాగహారం మోసం చేస్తుంది. ఆ 20 లక్షల్లో ఎక్కువ భాగాన్ని ఎవరూ పరిశీలించనే లేదు. బాగా పరిశీలించిన వర్గాన్ని తీసుకోండి: పక్షులు. సుమారు 11,000 జాతులు, 1500 నుంచి ఇప్పటికి 520 ఏళ్లు అనుకుంటే 57.2 లక్షల జాతి-సంవత్సరాలు. పోయినవి సుమారు 160. పది లక్షల జాతి-సంవత్సరాలకు 28 చొప్పున. మామూలు రేటు 2 అని ఎక్కువగానే వేసుకున్నా 14 రెట్లు.

శిలాజాల 75 శాతం ఎక్కువగా గవ్వలున్న సముద్ర జీవుల లెక్క. మన జాబితా ఎక్కువగా నేల మీది వెన్నెముక జీవులది. పెంకు లేని, ఒక్క దీవికే పరిమితమైన జాతి శిలాజంగా దొరకనే దొరకదు. కాబట్టి శాతాలను నేరుగా పోల్చకుండా రేట్లను పోల్చాలి. 2011లో ఒక బృందం అలా లెక్కించింది: ప్రమాదంలో ఉన్న జాతులన్నీ వందేళ్లలో పోయి, అదే వేగం కొనసాగితే, ఉభయచరాలు, పక్షులు, క్షీరదాల్లో 75 శాతం నష్టానికి 240 నుంచి 540 ఏళ్లు. అది జోస్యం కాదు, షరతుతో కూడిన లెక్క. ఆ షరతును తప్పించడం ఇంకా మన చేతిలోనే ఉంది.

#17 | లోతునీరు

ఆ షరతు గురించే ఒక మాట. ఇప్పటిదాకా పోయిన జాతులను ఎక్కువగా చంపింది వేట, అడవుల నరికివేత, దీవుల్లోకి తెచ్చిన ఎలుకలు, పిల్లులు. కార్బన్ దెబ్బ వాటి మీద అదనం. 5.6 కోట్ల ఏళ్ల కిందటి వేడిలో లోతు సముద్రపు ఫోరామినిఫెరా జాతుల్లో 30 నుంచి 50 శాతం పోయాయి. నేల మీది క్షీరదాలు మాత్రం పెద్దగా పోలేదు. ఉత్తరాన ఉన్న భూసేతువుల మీదుగా ఖండాలు దాటాయి. గుర్రాల, జింకల, వానరాల తొలి బంధువులు ఆసియా, ఐరోపా, ఉత్తర అమెరికాల్లో కనిపించేది ఆ పొరల నుంచే.

ఇప్పుడు అలా కదలడానికి దారి లేదు. ఎత్తుకు పోయే కొద్దీ ప్రతి 100 మీటర్లకు సుమారు 0.6 డిగ్రీలు చల్లబడుతుంది. కాబట్టి ఒక డిగ్రీ వేడెక్కితే జీవి 160-170 మీటర్లు పైకి, లేదా మైదానంలో వంద కిలోమీటర్లకు పైగా ధ్రువం వైపు జరగాలి. అడవి ముక్కలను కలిపే పట్టీలు గీసేటప్పుడు ఈ దిశ చూడాలి. తూర్పు పడమరలుగా, ఒకే ఎత్తులో కలిపిన పట్టీ పటం మీద అడవిని పెంచుతుంది గానీ చల్లదనం వైపు దారి ఇవ్వదు. లోయలోంచి శిఖరం దాకా తెగకుండా పోయే ఇరుకు పట్టీ దానికన్నా మేలు. శిఖరం మీద అప్పటికే ఉన్న జాతులకు అదీ పనికిరాదు. వాటికి వేరే కొండ మీదికి తరలించడమో, వేడి పెరగకుండా ఆపడమో తప్ప ఇంకో దారి లేదు.